గుండ్లు, బద్దలు, నూక

మొన్న మా ఊళ్ళో ఒకావిడ పెద్దకర్మ భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నాయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "ఆ తల మాత్రలే సంపేసినాయండి ఆవిణ్ణి. అన్నాళ్ళు మింగితే రక్తం ఇరిగిపోదేటి" అన్నాడు. ఎదుటి వరసలో ఇద్దరు అవునని తలూపారు.

ఆవిడ పోయింది జ్వరంతో. ఈ వానాకాలం మా వైపు ఇంటింటికీ వచ్చిన జ్వరమే ఆవిడకీ వచ్చింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, విశాఖపట్నం తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఇక తలనొప్పి మాత్రలంటారా, అవి మానేసి రెండేళ్ళు దాటింది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. నర్సీపట్నం మెయిన్ రోడ్డు మీద ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను, ఆవిడకి ఆఖరి స్ట్రిప్పు కోసిచ్చింది నేనే. తెలిసీ నోరు మెదపలేదు. చారు పోయించుకున్నాను, పెరుగన్నం దాకా తిన్నాను. చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ మాత్రల గురించి ఈ ఊళ్ళో మొదటి చెడ్డమాట పుట్టింది నా నోట్లోంచే.

అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ పేరు మాత్రం రాయను. రాస్తే పైనుంచి తిడుతుంది.

గొలుగొండ రోడ్డులో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఆవిడ అందులో గ్రేడింగు చేసేది. పొట్టు తీసిన పప్పు పళ్ళెంలో పోస్తారు. గుండ్లు ఒక పక్కకి, బద్దలు ఇంకో పక్కకి, నూక మరో పక్కకి వేళ్ళతో తోసెయ్యాలి. గుండంటే విరగని నిండు పప్పు. బద్దంటే నిలువునా చీలిన పప్పులో ఒక సగం. నూకంటే ముక్కాచెక్కా. వినడానికి ఇంతే, పిల్లలైనా చేసేస్తారనిపిస్తుంది. కానీ బద్ద బోర్లా పడుకుంటే అచ్చం గుండులాగే కనబడుతుంది. తిప్పితే గానీ అడుగున చదునుగా ఉందని తెలియదు. కొత్తగా చేరినవాళ్ళందరూ అక్కడే బోల్తా పడతారు. ఆవిడ కళ్ళని నమ్మేది కాదు. ప్రతి పప్పునీ వేలికొసతో ఒక్క దొర్లు దొర్లించి అప్పుడు తోసేది. దొర్లించినట్టు మనకి తెలిసేది కూడా కాదు.

ఆ తిప్పడం పళ్ళెంతో ఆగలేదు. పెళ్ళి శుభలేఖ ఇస్తే ముందు వెనక పక్క చూసేది. వంకాయ కొంటే తొడిమ దగ్గర పట్టుకుని చుట్టూ తిప్పేది. మా షాపుకొస్తే స్ట్రిప్పు వెనక తేదీ చూడకుండా సంచిలో వేసుకునేది కాదు. ఎవరైనా ఫలానా కుర్రాడు బుద్ధిమంతుడండీ, సంబంధం ఖాయం చేశామండీ అంటే, "తిప్పి సూసినారేటి?" అని అడిగేది. వాళ్ళకి ఒళ్ళు మండేది. ఆవిడకి ఏమీ పట్టేది కాదు.

మనుషులకీ గ్రేడ్లుండేవి. ఫ్యాక్టరీ మేస్త్రి నూక. ఎదురింటి టైలరు గుండు. నా గ్రేడు ఏమిటని ఒకసారి నేనే అడిగి మాట పడ్డాను. "నువ్వు బద్దవి బాబూ. పైకి మాత్రం గుండులాగే ఉంటావు" అంది, చిల్లర తీసుకుంటూ. మూడు రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు నేను. నాలుగో రోజు తలనొప్పితో వచ్చింది, మాట్లాడక తప్పలేదు.

తలనొప్పి రోజున ఆవిడ వేరే మనిషి. నుదుటికి శొంఠిగంధం పట్టు, దానిమీద బిగించి కట్టిన తెల్లగుడ్డ, ఎడమకన్ను మూసుకుపోయి ఉండేది. ఎప్పుడూ ఎడమ కణతే. ఎండ పడకుండా షాపు అరుగు మీద గోడవైపు తిరిగి నిలబడి, పెదవులు కదపకుండా రెండు వేళ్ళు చూపించేది. రెండు బిళ్ళలని అర్థం. మా ఫ్యాను చప్పుడు కూడా భరించలేకపోయేది. నేను ఇచ్చేవాణ్ణి. రెండు కాస్తా నాలుగయ్యాయి, నాలుగు కాస్తా స్ట్రిప్పయ్యాయి. ఆఖర్లో వారానికి రెండు స్ట్రిప్పులు పట్టుకెళ్ళేది. ఒక్కసారైనా ఇన్ని ఎందుకమ్మా అని అడిగానా అంటే, లేదు. అడిగితే పక్క షాపుకి వెళ్ళిపోతుందని నా భయం. ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆవిడ భయం వేరు. గ్రేడింగు గదిలో కిటికీ పక్క పీట ఆవిడది. ఆ పీట దాకా రావడానికి పదకొండేళ్ళు పట్టింది. అంతకుముందు వెనక షెడ్డులో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసేది. అక్కడ పొగ, జీడిరసం. ఆ పొగకే ఆయాసం పట్టుకుంది, ఆ రసానికే వేళ్ళు కాలి నల్లమచ్చలు పడ్డాయి. ఇప్పుడు నెలకి ఎనిమిదీ పదీ రోజులు తలనొప్పితో పడిపోతుంటే మేస్త్రి ఊరుకుంటాడా? ఇంకో నెల చూస్తాననీ, ఇలాగే నాగాలు పెడితే పీట ఇంకొకరికిచ్చి వెనక షెడ్డుకి పంపేస్తాననీ చెప్పేశాడు. ఆ షెడ్డుకి తిరిగి వెళ్తే ఆయాసంతో ఎన్నాళ్ళుంటుందో ఆవిడకీ తెలుసు, మేస్త్రికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే మా షాపు మేడమీద గదిలో ఆదివారాలు ఒక నరాల డాక్టరమ్మ కూర్చోవడం మొదలుపెట్టారు. విశాఖపట్నం నుంచి వచ్చేవారు, చిన్న వయసు. మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో ఈవిడ పైకి వెళ్ళింది. కాసేపటికి పైనుంచి ఫోనొచ్చింది. ఫలానా నాలుగు రకాల మాత్రలు షాపులో ఉంటే ఒక్కొక్క స్ట్రిప్పు పట్టుకురండి, పేషెంటు చూస్తేగానీ ఒప్పుకోనంటున్నారు అన్నారు. నాకు నవ్వొచ్చింది. పట్టుకెళ్ళాను.

నేను వెళ్ళేసరికి డాక్టరమ్మ చెబుతున్నారు. ఇవి నొప్పి వచ్చాక వేసుకునేవి కావు, రాకుండా రోజూ వేసుకునేవి. రెండు మూడు నెలలు ఓపిక పడితేగానీ పని చేసిందీ లేనిదీ తెలియదు. పూర్తిగా పోతుందని మాటివ్వను, సగానికి తగ్గినా మనం గెలిచినట్టే. ఇంకో మాట కూడా అన్నారు. మీరు రోజూ మింగుతున్న నొప్పి బిళ్ళలున్నాయే, ఇప్పుడు సగం నొప్పి వాటివల్లే వస్తోంది, ముందు అవి ఆపాలి. ఆవిడ తల తిప్పి నావైపు చూసింది. నేను గోడమీద క్యాలెండరు చూశాను.

నాలుగు స్ట్రిప్పులూ బల్లమీద వరసగా పెట్టాను. డాక్టరమ్మ మొదటిదాని గుణాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ వినగానే అంది:

"ఇదేటిత్తాదో సెప్పినారమ్మా. ఏటి తీసుకుంటాదో కూడా సెప్పండి."

అంతవరకూ ఏ పేషెంటూ అలా అడిగి ఉండరు. డాక్టరమ్మ కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, ఒక్కొక్కదాన్నీ నిజంగా తిప్పి చూపించారు. మొదటిది గుండెదడకి కూడా ఇస్తారట, తలనొప్పికి మంచిదే, కానీ ఆయాసం ఉన్నవాళ్ళకి పనికిరాదు. ఆవిడ చూపుడువేలితో ఆ స్ట్రిప్పుని బల్ల చివరికి తోసేసింది. రెండోది ఫిట్స్‌కి ఇచ్చేది. చేతులూ కాళ్ళూ తిమ్మిరెక్కవచ్చు, ఒక్కోసారి మాట నోటిదాకా వచ్చి గుర్తు రాకపోవచ్చు.

"మాట పోతే పోనీ. సేతులు తిమ్మిరెక్కితే నాకు కళ్ళు పోయినట్టేనమ్మా. నా సూపంతా ఈ వేళ్ళలోనే ఉంది" అని మచ్చల చేతులు బల్లమీద పెట్టింది. ఆ స్ట్రిప్పూ చివరికి వెళ్ళింది. మూడోది తల తిరుగుడుకి ఇచ్చేది. కొందరికి దిగులు పట్టుకుంటుంది, ఎక్కువకాలం వాడితే చేతులు వణకవచ్చు అన్నారు. వణుకు అనగానే వేలు కదిలింది.

నాలుగోది డిప్రెషన్‌కి ఇచ్చే మాత్ర. తక్కువ డోసులో పార్శ్వపునొప్పి రాకుండా ఆపుతుంది. మత్తుగా ఉంటుంది, నోరెండిపోతుంది, ఒళ్ళు రావచ్చు అని డాక్టరమ్మ ఏదీ దాచకుండా చెప్పారు. ఆవిడ ఆ స్ట్రిప్పుని ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"నిద్దరే కదా, నిద్దరతో నేను ఏగుతాను. నోరెండితే నీళ్ళున్నాయి. ఒళ్ళొత్తే కొత్త రవికలు కుట్టించుకుంటాను. ఇదియ్యండి" అని దాన్ని తన దగ్గరకి లాక్కుంది. జీడిపప్పు పళ్ళెంలో గుండుని లాక్కున్నట్టే లాక్కుంది. ఇరవై రెండేళ్ళుగా మందులమ్ముతున్నాను గానీ ఒక మనిషి మందుని అలా ఎంచుకోవడం అదే మొదటిసారి చూడటం.

మీరనుకుంటారు, అది చూసి నాకు జ్ఞానోదయమైందని. ఏమీ కాలేదు. నా బిళ్ళలవల్లే నొప్పి వస్తోందని నా ఎదుటే అన్నారని ఉక్రోషమొచ్చింది. ఆ ఉక్రోషం వారం రోజులు కడుపులో పెట్టుకున్నాను. తరవాతి వారం, సాయంత్రం ఆరుగంటల వేళ షాపు కిటకిటలాడుతుండగా ఆవిడ చీటీ పట్టుకొచ్చింది. నేను స్ట్రిప్పు పైకెత్తి పట్టుకుని, ఇవి మతిస్థిమితం లేనివాళ్ళకిచ్చే మాత్రలమ్మా, ఆ డాక్టరమ్మ తలనొప్పికి రాశారు, చూసుకుని వాడండి మరి అన్నాను. తెలియక అనలేదు, తెలిసే అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను జారలేదు, కావాలనే దూకాను. ఆవిడ స్ట్రిప్పు తిప్పి తేదీ చూసుకుని వెళ్ళిపోయింది.

రెండు రోజుల్లో ఊరంతా పాకిపోయింది. ఆవిడకి పిచ్చంట, పిచ్చి మాత్రలు వాడతందంట. గ్రేడింగు గదిలో పక్కనున్నవాళ్ళు పీటలు దూరంగా జరుపుకున్నారు. దానికితోడు ఆ మొదటి రోజుల్లో మాత్ర మత్తు నిజంగానే ఉంది. పొద్దున్న పళ్ళెం ముందు ఒకసారి కునికిందట. మేస్త్రికి అంతకంటే ఏం కావాలి? మతి లేని మనిషి చేసిన గ్రేడింగు సరుకు కొనే పార్టీకి ఎలా పంపుతానన్నాడట.

ఆవిడ లేచి నిలబడి ఏం చెప్పిందో ఆ గదిలో ఉన్నవాళ్ళు నాకు ఒకరి తరవాత ఒకరు చెప్పారు, మాట పొల్లుపోకుండా: "పదిహేను రోజులు నా పళ్ళెం నువ్వే తిప్పి సూడు. గుండ్లలో ఒక్క బద్ద దొరికినా నేనే ఎనక షెడ్డుకెల్లిపోతాను. దొరక్కపోతే నా పీట ఊసెత్తకు."

మేస్త్రి చూశాడు. రోజూ సాయంత్రం ఆవిడ గుండ్ల డబ్బా బల్లమీద గుమ్మరించి వెతికాడు. ఈవిడ ఊరుకోక డాక్టరమ్మకి ఫోను చేయించింది. పడుకోబోయే ముందు కాదు, దీపం పెట్టే వేళకే మాత్ర వేసుకోమన్నారు. దాంతో పొద్దున్న మత్తు తగ్గింది. పదిహేను రోజుల్లో ఒక్క బద్ద దొరకలేదు. పదహారో రోజున మేస్త్రి డబ్బా జోలికి రాలేదు.

ఆ వారమే మా షాపుకొచ్చింది. అదే ఆరుగంటల వేళ, అదే రద్దీ. జనం వెనకనుంచే గొంతెత్తి, "బాబూ, నా పిచ్చి మాత్రలు ఇయ్యి. బేగి ఇయ్యి, అవతల పనుంది" అంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ అందరి మొహాలూ తీరిగ్గా చూసి, "ఎవలికన్నా కావాలేటి? తలనొప్పికి బాగుంటాయి" అంది. నేను తల దించుకుని స్ట్రిప్పు కోసిచ్చాను. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఆపైన ఏడాదిన్నర పాటు ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. కొన్నాళ్ళకి తిరిగి చూసేవాళ్ళు తగ్గారు. ఇంకొన్నాళ్ళకి ఎవరూ చూడటం మానేశారు. ఆ తరవాత ఒక బడిపంతులమ్మ, ఇంకెవరో ఆటో అతను, గొంతు తగ్గించి, ఆవిడ వాడే మాత్రలు మాకూ రాస్తారా అని అడిగి మేడమెట్లు ఎక్కారు.

డాక్టరమ్మ తలనొప్పి వచ్చిన రోజులు రాసుకోమని ఒక కాగితమిచ్చారు. ఆవిడ దాన్ని మర్యాదగా వెనక్కిచ్చేసి, రాతలు తనకి రావనీ గ్రేడింగు వచ్చనీ చెప్పింది. ఫ్యాక్టరీలో పనివాళ్ళకి నూక చవగ్గా ఇస్తారు, గుండ్లు ఎవరూ కొనుక్కోరు. ఆవిడ సొంత డబ్బుతో పావుకిలో గుండ్లు కొంది, బద్దలూ కొంది. రోజూ మాత్ర వేసుకునేటప్పుడు ఒక సీసాలో ఒక పప్పు వేసేది. నొప్పి లేని రోజుకి గుండు. సగంరోజు నొప్పి ఉంటే బద్ద. మంచం పట్టిన రోజుకి ఒక ముక్క. నెలకో సీసా. మూడు నెలలకి మూడు సీసాలు పట్టుకెళ్ళి డాక్టరమ్మ బల్లమీద పెట్టింది. మొదటిదాంట్లో ముక్కలు, బద్దలే ఎక్కువ. మూడోదాంట్లో గుండ్లు పైదాకా కనబడుతున్నాయి. ఒక్కొక్క సీసానీ తిప్పి చూశానని డాక్టరమ్మే తరవాత నాకు చెప్పారు.

పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. గుడ్డ కట్టుకుని వచ్చిన రోజులు మధ్యలో ఉన్నాయి. ఒళ్ళూ వచ్చింది, అన్నట్టుగానే రవికలు కుట్టించుకుంది, ఎదురింటి టైలరు దగ్గరే. కానీ నెలకి పది రోజులు కాస్తా ఒకటో రెండో అయ్యాయి. పీట మాత్రం పోలేదు. ఏడాదిన్నర అయ్యాక డాక్టరమ్మే డోసు మెల్లగా తగ్గిస్తూ మాత్ర మాన్పించారు.

మానేసిన తరవాతి నెల సీసా తెచ్చి నా కౌంటరు మీద పెట్టింది. "ఇది మాత్ర లేని నెల. నీ దగ్గరుంచు, తిప్పి సూసుకో" అంది. నేను సీసా పట్టుకుని ఊపాను, చుట్టూ చూశాను. అన్నీ గుండ్లేనమ్మా అన్నాను సంబరంగా. ఆవిడ నవ్వి ఊరుకుంది. నేనింకా బద్దేనా అని అడిగాను. "తొందరేటి" అంది.

ఆ సీసా మా షాపులోనే ఉండిపోయింది. పురుగు పట్టకుండా, మాత్రల డబ్బాల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లాలు రెండు అందులో వేసి మూత బిగించాను. పప్పు కొంచెం పసుపు రంగుకి తిరిగింది, అంతే. ఆవిడ పోయిందని తెలిసిన పొద్దున్న దాన్ని చేతిలోకి తీసుకుంటే ఏడుపొచ్చింది. షట్టరు సగం దించుకుని ఏడ్చాను.

ఇదంతా నిన్న జరిగినదాని కోసం చెప్పుకొచ్చాను. నిన్న పొద్దున్న ఒకమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయి. కిటికీ పక్క పీట ఇప్పుడు ఈ అమ్మాయిది. గ్రేడింగు నేర్పింది ఆవిడే. నుదుటికి గుడ్డ, గోడవైపు మొహం. రెండు వేళ్ళు చూపించింది. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే, వారంలో నాలుగు రోజులు ఇంతేనంది. మేడమీద డాక్టరమ్మ ఆదివారం వస్తారు, చూపించుకోమన్నాను. ఆ అమ్మాయి నుదుటి గుడ్డ ఇంకొంచెం బిగించుకుంది. అప్పుడు అంది:

"మా అత్త వద్దంటన్నాదండి. ఆ మాత్రలే పెద్దమ్మని సంపేసినాయని అందరూ అంటన్నారు. నిజమేటండి?"

పెద్దకర్మ రోజున మింగేసిన మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. అబద్ధమని చెప్పాను. జ్వరం సంగతి చెప్పాను. అవి చెడ్డ మాత్రలని ఊళ్ళో మొదట అన్నది నేనేననీ, కోపంకొద్దీ అన్నాననీ కూడా చెప్పాను. ఆ అమ్మాయి నమ్మినట్టు లేదు. మందులమ్ముకునేవాడు మందు మంచిదనే అంటాడు కదా. అప్పుడు సీసా దించి ఆ అమ్మాయి ముందు పెట్టాను. గుండంటే ఏమిటో, బద్దంటే ఏమిటో చెప్పాను, నొప్పి లెక్కలో. ఇది మాత్ర మానేశాక ఆవిడ గడిపిన నెల, అన్నీ గుండ్లే, చూసుకో అన్నాను.

ఆ అమ్మాయి కౌంటరు మీద పేపరు పరుచుకుని సీసా గుమ్మరించింది. ఒంటి కన్నుతోనే, వేలికొసతో ఒక్కొక్కటీ దొర్లించడం మొదలుపెట్టింది. ఆ వేలి కదలిక నాకు తెలుసు. చివరి వరసలో వేలు ఆగింది. ఒక పప్పుని తీసి తిప్పి నా వైపు పెట్టింది. అడుగు చదునుగా ఉంది.

"ముప్పై ఉన్నాయండి. ఇరవై తొమ్మిది గుండ్లు, ఒక బద్ద."

రెండేళ్ళకి పైగా నా కళ్ళముందున్న సీసా. తిప్పి చూసుకోమని మరీ ఇచ్చింది. నేను ఊపి చూసి మురిసిపోయాను. అన్నీ గుండ్లేనని అన్నందుకు ఆ అమ్మాయి ముందు నా మొహం చెల్లలేదు. నాకు తెలియలేదమ్మా అన్నాను.

"అన్నీ గుండ్లే అయితే మీరే పోసి ఎట్టారనుకుందును" అంది ఆ అమ్మాయి. "ఒక్కరోజు నొప్పొచ్చినా దాసుకోనేదు పెద్దమ్మ."

పప్పులన్నీ తిరిగి సీసాలో పోసింది, బద్దతో సహా. మూత బిగించింది. ఆదివారం డాక్టరమ్మ ఎన్నింటికి వస్తారని అడిగింది. పదింటికన్నాను. సీసా సంచిలో పెట్టుకుంటూ, "ఇది మా అత్తకి సూపించి తెత్తానండి" అంది.

తేనక్కర్లేదు, నీ దగ్గరే ఉంచుకోమన్నాను. నొప్పి బిళ్ళలు మాత్రం రెండే ఇచ్చాను, స్ట్రిప్పు ఇవ్వలేదు. ఇక ఈ ఊళ్ళో ఏ విస్తరి ముందైనా ఆ మాట వినబడితే, చెయ్యి కడుక్కునేదాకా ఆగను.